తాళంచెవులు నాటిన సందు

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ మూల గోడకి ఆనుకున్నవాళ్ళు కూడా రండి, నా గొంతు అంతదూరం రాదు. కాళ్ళు ముడుచుకోండి, చేతులు ఒళ్ళో పెట్టుకోండి. కుదురుగా కూర్చోవడం చేతకాని మనిషి కథ ఇది. వినే మీరైనా కుదురుగా ఉండకపోతే ఎలా?

ఆ మనిషిని వీధివీధంతా బొంగరం అనేది. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది, కాని అది వాడగా ఎవరూ వినలేదు. మొగుడికి తాళాలు బాగుచేసే కొట్టు. ఈమె దర్జీకొట్టువాళ్ళ చొక్కాలకి కాజాలు కుట్టేది. కాజా కుట్టడమంటే కళ్ళు దించుకుని ఒకచోట కూర్చుని చేసే పని కదా, మన బొంగరం దాన్ని కూడా నడుస్తూ చేసేది! సూది చేతిలో, చొక్కా భుజం మీద, వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి. ఉతికిన దుప్పటి ఆరకముందే మడతపెట్టేసేది. గోడకి వేసిన సున్నం ఎండకముందే బీరువా జరిపేసేది. బీరువాకి అంటుకున్న సున్నం మచ్చ వాళ్ళ ఇంట్లో చాలా ఏళ్ళు అలాగే ఉండిపోయింది. అందుకే వాళ్ళ అత్తగారు ఆమెకి ఏదీ అప్పగించేది కాదు. "నీ చేతికిస్తే గుడ్డు కూడా రేపు పొదగాల్సింది ఇవాళే పగులుతుందే" అనేది.

ఆ అత్తగారికి ప్రాణమంతా ఇంటి పక్క సందులో ఉండేది. వీళ్ళ ఇంటికీ, పక్కన రైల్వే గార్డుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయన ఇంటికీ మధ్య, మంచం అడ్డంగా వేస్తే పట్టేంత మట్టిసందు. అందులో ఆవిడ ఒక జాతి దుంపలు పెంచేది. అవి చలిని లెక్కచేసే రకం కాదు. శీతాకాలంలో కొళాయిలో నీళ్ళు గడ్డకట్టి, నేల రాయిలా బిగుసుకుపోయినా, లోపల హాయిగా పడుకునేవి. చలి తగ్గి లోకమంతా చిగుళ్ళు తొడుగుతుంటే ఇవి మాత్రం ఒత్తిగిల్లి మళ్ళీ నిద్రపోయేవి. వానలు పడ్డాక, ఇంక ఇవి చచ్చాయని అందరూ నమ్మాక, అప్పుడు లేచేవి. ఆవిడ వాటిని "నా బద్ధకస్తులు" అని పిలుచుకునేది.

లేచాయంటే మాత్రం చూడాలి. అల్లం మొక్కలాంటి ఆకు, ఆ ఆకుల నడిమి నుంచి ఊదారంగు పువ్వు. పైన చిన్న ముసుగు, అటూ ఇటూ రెక్కలు, కింద వేలాడే వెడల్పాటి పెదవి. పూలకొట్లో అద్దాల వెనక దాచిపెట్టే ఆర్కిడ్ పువ్వు ఈ మట్టిసందులోకి ఎలా వచ్చిందా అని దారినపోయేవాళ్ళు ఆగేవాళ్ళు. ఎప్పుడో ఒక కొండప్రాంతం మనిషి తాళంచెవి పారేసుకున్న పెట్టె తెచ్చి, మామగారి చేత తెరిపించుకుని, సంతోషం పట్టలేక ఆ పెట్టెలోంచే నాలుగు దుంపలు తీసి ఇచ్చాడట. ఆ నాలుగే ఏడాదికింత పిల్లలు పెట్టి సందులో పెద్ద సంసారమే చేశాయి. మామగారు పోయినా అవి మాత్రం ఏటా వచ్చేవి.

ఒక వేసవిలో అత్తగారికి కంటి ఆపరేషన్ చెయ్యాల్సివచ్చింది. పక్క ఊళ్ళో కూతురి ఇంటికి బయల్దేరుతూ, కారు ఎక్కబోయి ఆగి, కోడల్ని పిలిచింది.

"ఏమే, నా బద్ధకస్తుల్ని నీకు అప్పగిస్తున్నాను. నీళ్ళు పొయ్యకు. తవ్వకు. ఎవర్నీ తొక్కనివ్వకు. గుర్తులు పెట్టే ఉంచాను. నువ్వు చెయ్యాల్సిందల్లా ఏమీ చెయ్యకుండా ఉండడమే. అదే నీకు కష్టమని నాకు తెలుసు."

"అయ్యో అత్తయ్యా, అదేం పెద్ద పని!" అంది బొంగరం.

ఆ ఇంట్లో కోడలి చేతికి ఆవిడ అప్పగించిన మొదటి వస్తువు అదే. బొంగరానికి కడుపు నిండిపోయింది. ఈ ఒక్కటీ నిలబెట్టుకుంటే చాలు, సున్నం మచ్చ కూడా మాసిపోతుందనుకుంది.

సంతోషం పట్టలేనివాళ్ళు ఏం చేస్తారు? ఇల్లు ఊడుస్తారు. బొంగరం ఇల్లు ఊడ్చి, మేడమెట్లు ఊడ్చి, ఊడవడానికి ఇంకేమీ మిగలక సందులోకి వచ్చింది. వచ్చేసరికి మట్టిలో తుప్పుపట్టిన తాళంచెవులు తలలు పైకి పెట్టుకుని కనిపించాయి. తాళాలవాళ్ళ ఇంట్లో తాళంచెవులు దొరకడం వింతేం కాదు కదా! ఎవరో జారవిడిచారనుకుంది. కలుపు పీకినట్టు ఒక్కొక్కటే పీకింది. బూడిద వేసి ఉడకబెట్టి, పీచుతో తోమి, వెండిలా మెరిసేదాకా రుద్ది, గుత్తికట్టి వంటింటి మేకుకి తగిలించింది. చిల్లులు పడ్డ మట్టిని చీపురుతో చదును చేసేసింది. మర్యాదగా ఉంది సందు, అనుకుంది.

సాయంత్రం మొగుడు కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి, ఆ గుత్తి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇవెక్కడివి?"

"సందులో పడున్నాయి. ఎన్నాళ్ళనుంచి తుప్పుపడుతున్నాయో! మీకు పనికొస్తాయని తోమిపెట్టా. ఎలా ఉన్నాయి?"

అతను పీటమీద కూలబడ్డాడు. "నాన్న పోయాక ఏ తాళానికీ పట్టని చెవులన్నీ అమ్మ తీసుకుందే. ఒక్కో దుంప మీద ఒక్కో చెవి గుచ్చుకుంది. అవే గుర్తులు."

"గుర్తులంటే పుల్లలనుకున్నానండీ! పుల్లలు కనపడలేదేమిటా అని చూస్తూనే ఉన్నా!"

"తాళాలవాడి పెళ్ళాం పుల్లలెందుకు గుచ్చుతుందే?"

బొంగరం సందులోకి పరిగెత్తింది. చదును చేసిన మట్టిలో చీపురు గీతలు తప్ప ఏమీ మిగల్లేదు.

సరే, పోనీ, దుంపలు లోపల ఉన్నాయి కదా, వానలు పడ్డాక వాటంతటవే పైకొస్తాయి అనుకుని ఊరుకోవచ్చు. కాని గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, మర్నాడు పొద్దున్నే పక్కింటి గార్డుగారు తాపీమేస్త్రిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"అమ్మాయ్, సందులో కాలవ తవ్విస్తున్నాను. వానలు పడేలోపల అయిపోవాలి" అన్నాడు.

"బాబాయిగారూ, అందులో మా అత్తయ్య దుంపలున్నాయి కదా, మొలిచాక తవ్వుకుంటే..."

"మొలిచేది వానలొచ్చాకే కదమ్మా? వానలొస్తే నీళ్ళు మా గదిలోకే కదా? కిందటేడు మీ పిన్నిగారి మంచం కాళ్ళు నీళ్ళలో మునిగాయి. లేవలేని మనిషి, పైనుంచి ఆ నీళ్ళు చూస్తూ పడుకుంది. మీ అత్తగారి దుంపల కోసం మళ్ళీ చూడమంటావా?"

ఆయన మాటలో తప్పులేదు. మంచంలో ఉన్న ఆ పిన్నిగారు బొంగరానికి కాజాలు నేర్పిన మనిషి కూడాను.

మేస్త్రి తాడు చాపి సందు కొలిచాడు. "చూడమ్మా, నీళ్ళు మీ గోడవైపున్న వీధికాలవలోకి జారాలి. ఈ సందులో ఎక్కడో ఒకచోట కాలవని ఈ గోడవైపు నుంచి ఆ గోడవైపుకి తిప్పగలను. ఒక్కటే మెలిక. రెండు మెలికలు తిప్పితే నీళ్ళు నిలుస్తాయి. నీ దుంపలు ఎక్కడ మొదలై ఎక్కడిదాకా ఉన్నాయో చెప్పు. ఎల్లుండి గునపంతో వస్తాను."

ఎక్కడ ఉన్నాయో తెలిస్తే ఇంకేం కావాలి?

బొంగరం ఆ రోజంతా సందులో కాలుకాలిన పిల్లిలా తిరిగింది. మొదటి చెవి ఎక్కడ పీకానా అని కళ్ళు మూసుకుని తలుచుకుంది. సందులోకి తెరుచుకునే తలుపు గడపరాయి పక్కన అనిపించింది. అనిపించడమే తడవు, కూర్చుని వేళ్ళతో మట్టి తోడేసింది. జానెడు లోతుకి వెళ్ళాక చేతికి మెత్తగా తగిలింది. చంటిపిల్ల వేళ్ళ గుత్తిలా ఉంది దుంప. దాని తలమీద పాలపన్నంత తెల్లటి మొన. "దొరికావే తల్లీ!" అని లాగింది చూడండి, టక్కున ఆ మొన విరిగి అరచేతిలో పడింది.

ఆ దుంపని మళ్ళీ పడుకోబెట్టి, మట్టి కప్పి, చేతులు కడుక్కుంది.

"ఒకటి దొరికిందిగా, మిగతావి పక్కనే ఉంటాయి, ఇనపతీగ గుచ్చి చూద్దాం" అన్నాడు మొగుడు, ధైర్యం చెబుదామని.

"వద్దండీ! గుచ్చితే తీగకి తగిలేది వాటి కళ్ళే, ఆ తెల్లమొనలే" అంది. "పక్కనంటే ఏ పక్క? వీధివైపా, పెరటివైపా? మన గోడ కిందా, వాళ్ళ గోడ కిందా?"

అతను ఇరవై ఏళ్ళుగా ఆ సందులోంచే కొట్టుకి వెళ్తున్నాడు, ఒక్కసారి కిందికి చూసిన పాపాన పోలేదు.

ఇంక దిక్కులేక ఆడపడుచు ఇంటికి ఫోను చేసింది. నిజం చెప్పేద్దామనే చేసింది. కాని ఆడపడుచు ముందే అంది: "వదినా, అమ్మకి కట్టు ఇంకా విప్పలేదు. కంగారుపడకూడదు, ఏడవకూడదు, వంగకూడదు అన్నారు డాక్టరు. మంచి మాటలుంటే మాట్లాడు." తేలుకుట్టిన దొంగలా బొంగరం గొంతు సవరించుకుంది.

"అత్తయ్యా, ఏం లేదు... ఆ దుంపలు ఆ సందులోనే ఎందుకు పెట్టారా అని."

"ఎందుకేమిటే? పొద్దున్నపూట లేత ఎండ తగలాలి వాటికి. ఎండ ముదిరేసరికి నీడ పడిపోవాలి. మధ్యాహ్నపు ఎండ పడితే ఆకు మాడుతుంది, అసలు ఎండే లేకపోతే పువ్వు రాదు. ఆ సందంతా అలా ఉండదు. ఒక్క ముక్కే ఉంది. పీటేసుకుని కూర్చుని చూస్తే తెలిసింది నాకు. ఎందుకడుగుతున్నావు?"

"ఊరికే అత్తయ్యా."

"నువ్వు ఊరికే ఉండవు, ఊరికే అడగవు. తవ్వావా?"

"లేదు లేదు! లైను సరిగ్గా లేదు, ఉంటానత్తయ్యా" అని పెట్టేసింది.

మర్నాడు తెల్లారుతూనే అత్తగారి ముక్కాలిపీట తెచ్చి సందు మధ్యలో వేసుకుంది. మొగుడితో చెప్పింది: "ఇవాళ వంట మీరే చూసుకోండి. నన్ను పిలవద్దు. నేను లేవకూడదు." దర్జీకొట్టు నుంచి తెచ్చిన సుద్దబిళ్ళ ఒకటి చేతిలో పట్టుకుంది. గుడ్డ మీద గీతలు గీసే ఆ సుద్దతో ఎండ అంచు ఎక్కడిదాకా వస్తే అక్కడ గోడమీద గీత పెట్టాలని ఆలోచన.

ఆలోచన బాగానే ఉంది, ఒళ్ళే మాట వినదు. మొదటి గీత గీసేలోపే పొయ్యిమీద పాలు గుర్తొచ్చాయి. లేచి వెళ్ళి చూసొచ్చింది. తలుపు గొళ్ళెం కిర్రుమంటే నూనె వెయ్యాలనిపించింది. మళ్ళీ లేచింది. వచ్చేసరికి ఎండ మూరెడు జరిగిపోయింది. ఎక్కడినుంచి ఎక్కడికి జరిగిందో ఆమె చూడనేలేదు.

అప్పుడేం చేసిందో తెలుసా? కాజాల దారం తీసి ఒక కొస గడపకున్న ఇనపకొక్కేనికీ, రెండోకొస తన కాలి బొటనవేలికీ కట్టుకుంది. సన్నని దారం, లేస్తే పుటుక్కుమంటుంది. తెగింది. మళ్ళీ కట్టుకుంది. మళ్ళీ తెగింది. ఈసారి రెండుపేటలు వేసి కట్టుకుంది.

గార్డుగారు కిటికీలోంచి చూసి నవ్వాడు. "ఏమ్మాయ్, మీ ఆయన నిన్ను కట్టేసి కొట్టుకి వెళ్ళాడా?"

"నేనే కట్టుకున్నా బాబాయిగారూ."

"బండి కదలకుండా చక్రానికి చెక్క పెట్టినట్టుందే!"

"మీరు కాసేపు పలకరించకండి. పలకరిస్తే లేచిపోతాను."

అరికాళ్ళలో చీమలు పాకాయి. మోకాళ్ళు వాటంతటవే ఊగాయి. సూదిలేని వేళ్ళు ఒకదాన్నొకటి గిల్లుకున్నాయి. ఒళ్ళంతా లేవమని పోరుపెడుతుంటే, కళ్ళు మాత్రం ఎండ అంచుని పట్టుకుని ఉన్నాయి. గార్డుగారి ఇంటి కప్పుకీ దానిమీది నీళ్ళట్యాంకుకీ మధ్య ఖాళీలోంచి పొద్దుటి ఎండ చీలికలా దిగింది. ముందు గడపరాయిని తాకింది. అక్కడినుంచి తమ గోడ పాదాన పాకుతూ వంటింటి కిటికీ కిందిదాకా వెళ్ళింది. ఆమె గీతమీద గీత పెట్టింది. ఎండ ముదిరేసరికి ట్యాంకు నీడ వచ్చి ఆ ముక్కనంతా దుప్పటిలా కప్పేసింది. మధ్యాహ్నపు ఎండంతా గార్డుగారి గోడ పాదాన మాడ్చింది. పెరటివైపు మూలకి రోజు మొత్తమ్మీద వెలుగే రాలేదు.

గడపరాయి నుంచి వంటింటి కిటికీదాకా, తమ గోడ కింద. ఆ ఒక్క ముక్కే.

దారం విప్పుకుని లేచేసరికి కాలు తిమ్మిరెక్కి, నాలుగడుగులు కుంటింది. ఆమె కుంటడం చూసి మొగుడు పరిగెత్తుకొచ్చాడు. "అన్నం మాడిందా?" అని అడిగింది ముందు. "మాడింది" అన్నాడు. "సరే" అంది.

మేస్త్రి వచ్చి సుద్దగీతలు చూశాడు, తల గోక్కున్నాడు. "ఖాయమేనా అమ్మా?"

"ఖాయమని చెప్పలేను మేస్త్రీ. నాకు తెలిసింది ఇంతే."

పెరటినుంచి గార్డుగారి గోడవెంట తెచ్చి, గడపరాయి దాటాక ఇవతలకి ఒక్క మెలిక తిప్పాడు. గునపం దిగిన ప్రతిసారీ బొంగరం గుండెలో దిగినట్టే ఉంది. పైకి పోసిన మట్టినంతా దోసిళ్ళతో పిసికి చూసింది. గులకరాళ్ళు, పగిలిన పెంకులు, ఎవరో పిల్లల గోళీకాయ. దుంప ఒక్కటీ లేదు. తవ్విన చోట లేవని తెలిసింది గాని, తవ్వనిచోట ఉన్నాయని ఎవరు చెబుతారు?

వానలు పడ్డాయి. కాలవలో నీళ్ళు బుద్ధిగా వీధిలోకి పోయాయి. పిన్నిగారి మంచం కాళ్ళు పొడిగానే ఉన్నాయి. వీధిలో ప్రతి తొట్టీ పచ్చబడింది. వీళ్ళ సందులో మాత్రం నల్లటి తడిమట్టి, అంతే. బొంగరం కాజా కాజాకీ వెళ్ళి చూసొచ్చేది. వేలు పెట్టి కాస్త కదిపితే ఏం పోయిందని చేతులు దురదపెట్టేవి. విరిగిన తెల్లమొన గుర్తొచ్చి చేతులు వెనక్కి కట్టుకునేది. "ఆ దర్జీ నిన్న ఒక చొక్కా తిప్పి పంపాడే, కాజా బొత్తాంవైపు కుట్టావట" అన్నాడు మొగుడు. ఆమె వినిపించుకోలేదు.

అలా ఉండగానే అత్తగారు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని దిగింది. దిగుతూనే సందులోకి నడిచింది.

"గుర్తులేవే?"

బొంగరం ఊపిరి తీసుకోకుండా చెప్పేసింది. పీకడం, తోమడం, గుత్తి, కాలవ, దుంప, విరిగిన మొన, ఫోనులో అబద్ధం, పీట, సుద్ద, అన్నీ. చెప్పి గోడకి ఆనుకుంది.

"ఎక్కడ కూర్చున్నానన్నావ్?"

"మీ పీటమీద."

"ఎంతసేపు?"

"పొద్దున్నించీ ఎండ పోయేదాకా."

"కథలు చెప్పకు. నువ్వా?"

కిటికీలోంచి గార్డుగారు తల బయటపెట్టాడు. "నిజమేనండీ వదినగారూ. నా కళ్ళతో చూశాను. కాలికి దారం కట్టుకుని, మేకలా."

అత్తగారు నవ్వలేదు. "గుత్తి ఇలా తే" అంది. మెరిసిపోతున్న ఆ చెవుల్ని చేత్తో తడిమింది. పోయిన మామగారి వేళ్ళ మురికి కూడా పోయేలా తోమేసింది కోడలు. ఆవిడ గుత్తి తీసుకెళ్ళి తన దిండు కింద పెట్టుకుంది. "చూద్దాం" అంది, అంతే.

ఆ "చూద్దాం" కంటే నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. బొంగరానికి అన్నం సయించలేదు. అత్తగారు పీటమీద కూర్చుంటే ఈమె చుట్టూ తిరిగేది. ఈమె తిరుగుతుంటే ఆవిడ, "నీ గాలికే అవి మొలవవు, లోపలికి పో" అనేది.

ఒక పొద్దున బొంగరం వంటింట్లో ఉండగా, సందులో ఈల వినపడింది. మామూలు ఈల కాదు. రైలు ఆపడానికి వేసే ఈల, ఊపిరంతా పెట్టి! ఉద్యోగం మానాక ఆయన దాన్ని పెట్టెలోంచి తియ్యడం అదే మొదలు. గరిటె పొయ్యిమీదే వదిలేసి పరిగెత్తింది. మొగుడు సబ్బు నురుగు మొహంతో వచ్చాడు. అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చింది. గార్డుగారు కిటికీలోంచి చెయ్యి చాపి చూపిస్తున్నాడు, నోట్లో ఈల అలాగే ఉంది.

అత్తగారు వంగబోయింది.

"వంగకూడదత్తయ్యా! డాక్టరు చెప్పారు!"

"అయితే నువ్వు చూసి చెప్పు. గబగబా చెప్పకు. చూసి, చెప్పు."

బొంగరం తడిమట్టిలో మోకాళ్ళమీద కూర్చుంది. చెంప నేలకి ఆనించింది.

"కాగితం చుట్టి నిలబెట్టినట్టుందత్తయ్యా. కొస సన్నగా ఉంది. ఆకుపచ్చ కాదు, కాస్త ఎర్రజీర. తలమీద మట్టి బెడ్డ మోస్తోంది. ఇంకా పడెయ్యలేదు."

"పక్కన?"

"పక్కన... ఇంకోటి మట్టిని పగలదీస్తోంది. దాని వెనక ఇంకోటి. కిటికీదాకా నేల బీటలు పడిందత్తయ్యా!"

"సుద్దగీత లోపలేనా?"

"లోపలే."

అత్తగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. ఏడవకూడదని డాక్టరు చెప్పాడు కదా, అద్దాలే తుడుచుకుంది. ఆ వారంలోనే ఆకులు విప్పుకుని, ముసుగేసుకున్న ఊదాపువ్వులు ఒకదాని వెనక ఒకటి లేచాయి. పిన్నిగారిని మంచంతో సహా కిటికీ దగ్గరికి జరిపి చూపించారు.

గడపరాయి పక్కన మాత్రం ఏమీ లేవలేదు. ఎక్కడ విరిచిందో అడగకుండానే అత్తగారు అటు తిరిగింది. దిండు కింది గుత్తి తెచ్చి, అందులో అన్నిటికంటే పెద్ద చెవి తీసి కోడలి చేతిలో పెట్టింది.

"గుచ్చు. దుంపలో ప్రాణముంటే పక్కనుంచి ఇంకో కన్ను పెడుతుంది. ఎప్పుడన్నది దాని ఇష్టం." మిగతా గుత్తి కూడా అదే చేతిలో వేసింది. "ఆకులు వాలిపోయాక వీటికి కూడా నువ్వే గుచ్చు. ఈసారి తోమకు."

ఆ తర్వాత బొంగరం మారిపోయిందనుకుంటున్నారా? ఏం మారలేదు. నడుస్తూనే కాజాలు కుట్టింది, ఆరని దుప్పట్లు మడతపెట్టింది, మచ్చ బీరువా మీదే ఉంది. కాని ప్రతి పొద్దునా పాలు పొయ్యి మీద పెట్టకముందే గడపరాయి దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ పెద్ద చెవి పక్కన కాసేపు నిలబడేది. ఊగుతూనే నిలబడేది, కాని నిలబడేది.

ఇంక లేవండర్రా, కాళ్ళు తిమ్మిరెక్కుంటాయి. ఈ కథ మీ పిల్లలకి చెప్పేటప్పుడు పువ్వు రంగు మరిచిపోయినా ఫరవాలేదు. కాలికి కట్టుకున్న దారం ఎన్నిసార్లు తెగిందో తోచినట్టు చెప్పుకోండి. గార్డుగారి ఈల మాత్రం వదిలెయ్యకండి. అక్కడికొచ్చేసరికి మీరు కూడా ఒక ఈల వెయ్యండి, నేను వినకపోయినా సరే.